కళ్లముందు ఏదైనా జరిగితే: సాక్షిగా పనికొచ్చేలా ఎలా ఉండాలి

పోలీసులకి, కోర్టుకి మామూలు జనం ఏం సాయం చేయగలరు అంటే దొంగ వెనక పరిగెత్తడం, వాడి ఫొటో గ్రూపుల్లో పెట్టడం లాంటివే ఎక్కువమందికి గుర్తొస్తాయి. నన్నడిగితే ఆ రెండూ చేయకుండా ఉండటమే సగం సాయం. మిగతా సగం, చూసింది చూసినట్టు చెప్పడం. ఇదేమంత పెద్ద పని అనుకునేవాణ్ణి నేను కూడా, ఒక యాక్సిడెంట్ చూసేదాకా.

ఒక కారు బైకుని గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. పది మంది పోగయ్యారు, అందులో ఎవరో "ఎర్ర కారండీ" అన్నారు, ఇంకొకరు అవునన్నారు, అరగంట అక్కడే నిలబడి అందరితో మాట్లాడాక పోలీసులొచ్చి అడిగితే నేను కూడా ఏ మాత్రం తడుముకోకుండా ఎర్ర కారనే చెప్పాను. ఇంటికొచ్చి ఫోన్ చూసుకుంటే, కంగారులో తీసిన ఒక మసక ఫొటోలో ఆ కారు వెనక భాగం ఉంది. బూడిద రంగు! మళ్లీ స్టేషన్‌కి వెళ్లి మార్చి చెప్పడానికి సిగ్గేసింది కానీ వెళ్లాను.

అబద్ధం చెప్పాలని నేనేం అనుకోలేదు, జ్ఞాపకం అలా కలుషితమైపోతుంది అంతే. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే పరిశోధకులు విద్యార్థులకి కార్లు ఢీకొనే ఫిల్ములు చూపించి వేగం ఎంతని అడిగారు. ప్రశ్నలో "తగిలినప్పుడు" అన్న మాట వాడితే సగటున గంటకి 34 మైళ్లన్నారు, "బలంగా గుద్దుకున్నప్పుడు" అంటే 40 దాటింది. ఇంకో ప్రయోగంలో వారం తర్వాత పిలిచి పగిలిన అద్దం చూశారా అని అడిగితే, "గుద్దుకున్నప్పుడు" అన్న మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు, "తగిలినప్పుడు" విన్న 50 మందిలో 7 మంది. ఫిల్ములో అసలు పగిలిన అద్దమే లేదు.

అందుకని, ముందు ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేయండి. చేసినప్పుడు కథ తర్వాత, ఎక్కడున్నారో మొదట చెప్పండి, లైన్ మధ్యలో కట్టయినా సరే వాళ్లు బయల్దేరగలగాలి. దెబ్బలు తగిలినవాళ్లు ఉంటే ఆ సంగతి వెంటనే, ఆయుధం ఉంటే అదీ. వాళ్లు పెట్టేయమనేదాకా ఫోన్ పెట్టొద్దు. అక్కడి వస్తువులు ముట్టుకోవద్దు, కింద పడ్డ కత్తిని పక్కన పెడదాం అనిపిస్తుంది, వద్దు. ప్రాణం కాపాడటానికి తప్పదనుకుంటే మాత్రం ఆలోచించకండి, ఏం కదిపారో తర్వాత పోలీసులకి చెప్తే చాలు.

ఆ తర్వాత పక్కకొచ్చి, ఎవరితోనూ మాట్లాడకముందే ఫోన్‌లో రాసుకోండి. టైమ్, మీరు నిలబడ్డ చోటు, ఎంత దూరం, వెలుతురు ఎలా ఉంది, ఏది ముందు ఏది తర్వాత. మనిషి ఎత్తు చెప్పడం కష్టమనిపిస్తే ఏ గేటుకో, మీ సొంత ఎత్తుకో పోల్చి రాయండి. చూసింది వేరే లైన్‌లో, విన్నది వేరే లైన్‌లో, ఊహించింది అసలు వద్దు. "తాగి ఉన్నాడు" అనేది ఊహ. "తూలుతూ నడిచాడు, మాట ముద్దగా వచ్చింది" అనేది చూసింది, విన్నది. ఈ తేడా ఒక్కటి పట్టుకుంటే క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే కోర్టులో అవతలి లాయర్ ప్రశ్నలు వేసేటప్పుడు, సగం టెన్షన్ పోతుంది.

ఫొటో, వీడియో ఉంటే ఒరిజినల్ ఫైల్ జాగ్రత్త. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, ఎప్పుడు ఎక్కడ తీశారన్న వివరాలు కూడా పోతాయి. మీ ఇంటికో షాపుకో సీసీ కెమెరా ఉంటే పోలీసులు అడిగేదాకా ఆగకండి, రికార్డింగ్ కొన్నాళ్లకి దానంతటదే చెరిగిపోయి దాని మీద కొత్తది ఎక్కుతుంది. ఆ భాగం కాపీ తీసి పెట్టండి. ఇంకో చిన్న పని ఉంది, ఎవరూ చేయరు: స్క్రీన్ మీద కెమెరా చూపించే టైమ్‌ని ఫోన్ టైమ్‌తో పోల్చి చూడండి. పదకొండు నిమిషాలు వెనక ఉంటే ఆ సంగతి రాసిపెట్టండి, లేకపోతే అప్పుడు వేరేచోట ఉన్నానని నిందితుడు చెప్పే మాటకీ మీ వీడియోకీ లెక్క కుదరక తర్వాత పెద్ద తలనొప్పి అవుతుంది.

మనిషిని గుర్తుపట్టమన్నప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. పోలీసులు కొంతమందిని వరసగా నిలబెట్టి చూపిస్తే, ఆ వరసలో అసలు నేరస్తుడు లేకపోవచ్చు కూడా, "వీళ్లలో లేడు" అనేదీ సరైన జవాబే. 1984లో అమెరికాలోని నార్త్ కరోలినాలో జరిగిన అత్యాచారం కేసులో బాధితురాలు ఫొటోల్లో రొనాల్డ్ కాటన్‌ని చూపించింది, తర్వాత వరసలో కూడా అతన్నే చూపించింది, కోర్టులో గట్టిగా నమ్మకంతో చెప్పింది. అతను పదేళ్లకు పైగా జైల్లో ఉన్నాక 1995లో డీఎన్‌ఏ పరీక్షతో నిర్దోషి అని తేలింది. ఆమె అబద్ధమాడలేదు, మొదటిసారి చూపించిన ముఖమే జ్ఞాపకంలో దిగిపోయింది. కాబట్టి మొదటిసారే మీకు ఎంత నమ్మకముందో మీ మాటల్లో చెప్పి రాయించండి, అది తర్వాత పెరిగినా తేడా తెలుస్తుంది.

ఆన్‌లైన్ డిటెక్టివ్ పని మాత్రం దయచేసి వద్దు. 2013లో బోస్టన్ మారథాన్ పేలుళ్ల తర్వాత నెట్‌లో జనం ఫొటోలు జల్లెడ పట్టి, కనిపించకుండా పోయిన ఒక విద్యార్థే నిందితుడని ప్రచారం చేశారు. అతనికి ఏ సంబంధమూ లేదు, అప్పటికే చనిపోయి ఉన్నాడు, ఆ కుటుంబం మాత్రం బెదిరింపులు కూడా భరించాల్సొచ్చింది. మీకు తెలిసింది దర్యాప్తు చేసేవాళ్లకి చెప్పండి, పేరు బయటపెట్టడానికి భయంగా ఉంటే ఆ సంగతి కూడా వాళ్లకే ముందే చెప్పండి.

ఇక కోర్టు. ప్రశ్న పూర్తిగా వినండి, అడిగినదానికే జవాబు చెప్పండి, అర్థం కాకపోతే మళ్లీ అడగమనండి. "గుర్తులేదు" అనడం తప్పు కాదు, గుర్తులేనిదాన్ని అల్లి చెప్తేనే లాయర్‌కి దొరికిపోతారు. వాయిదాలు పడతాయి, ఒక్కోసారి పొద్దంతా కూర్చుని పిలవకుండానే పంపించేస్తారు, చిరాకేస్తుంది. నెలలు, ఏళ్లు గడిచాక కబురొస్తుంది కాబట్టి ఇల్లు మారినా ఫోన్ నంబర్ మారినా దర్యాప్తు అధికారికి తెలియజేయండి, ఆ రోజు రాసుకున్న నోట్‌ని కొత్త ఫోన్‌లోకి కూడా మార్చుకోండి.