పెద్ద బోటు కొనండి, చిన్నదాన్ని మాత్రం అమ్మకండి

రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దంటారు కదా, మనం చేయబోయేది అచ్చంగా అదే. చిన్న బోటు మీద ఇష్టం ఏమాత్రం తగ్గలేదు, కానీ నలుగురు ఎక్కితే మోకాళ్లు తగులుతున్నాయి, గాలి కాస్త లేస్తే చాలు వెనక్కి తిరగాల్సొస్తోంది, రాత్రి నీళ్ల మీద ఉండిపోదామంటే పడుకోడానికి చోటు లేదు. అలాంటప్పుడు సెకండ్ హ్యాండ్‌లో పెద్దది చూసుకోవచ్చు, చిన్నదాన్నీ ఉంచుకోవచ్చు. కాకపోతే రెండూ ఒకే పని చేసేవైతే ఏడాది తిరిగేసరికి ఒకటి టార్పాలిన్ కింద కుళ్లుతూ ఉంటుంది, అది దాదాపు ఎప్పుడూ చిన్నదే అవుతుంది.

అందుకే యాడ్‌లు చూడటం మొదలెట్టకముందే కాగితం మీద ఒక పని చేయండి. పోయిన సీజన్‌లో చిన్న బోటు సరిపోక నిజంగా మానుకున్న ట్రిప్పులు ఏవో రాయండి, ఎప్పుడో చేద్దామని కలలు కన్నవి కాదు. పెద్ద బోటు ఆ లిస్టు కోసమే. లోతు తక్కువ నీళ్లలో చేపలు పట్టడం, సాయంత్రం ఆఫీస్ అయ్యాక గంటసేపు అలా తిరిగి రావడం, పిల్లలకి చుక్కాని పట్టుకోవడం నేర్పించడం, ఇవన్నీ చిన్నదానికే వదిలేయండి. ఇలా పనులు విడగొట్టుకుంటే పెద్దది ఎంత సైజు కావాలో దానంతటదే తేలుతుంది, చాలామందికి అది అనుకున్నదానికంటే చిన్నదే వస్తుంది.

సైజు దగ్గర మోసపోయేది పొడవు చూసి. 20 అడుగుల నుంచి 25కి వెళ్తే అయిదడుగులే కదా అనిపిస్తుంది, కానీ పొడవుతో పాటు వెడల్పు, లోతు కూడా అదే లెక్కలో పెరిగితే బరువు దాదాపు రెట్టింపు అవుతుంది. బరువు పెరిగితే లంగరు, చైను, తాళ్లు, ఇంజిన్, ఇంధనం, ట్రెయిలర్, దాన్ని లాగే బండి అన్నీ దాని వెంటే పెరుగుతాయి. పోనీ స్పీడన్నా వస్తుందా అంటే, తెరచాప బోట్లలాంటి నీళ్లను చీల్చుకుంటూ పోయే వాటికి వాటర్‌లైన్ పొడవు, అంటే నీటి మట్టం దగ్గర బోటు పొడవు, అడుగుల్లో తీసుకుని దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే సుమారు గరిష్ట వేగం నాట్లలో, అంటే గంటకి నాటికల్ మైళ్లలో, వస్తుంది, 16 అడుగులకి 5.4, 25 అడుగులకి 6.7, అంతే. నీళ్ల మీద లేచి పరిగెత్తే పవర్‌బోట్లకి ఈ లెక్క పనిచేయదు, అక్కడ ఇంజిన్ పవర్, బరువు, అడుగు ఆకారం చూసుకోవాలి.

డబ్బు సంగతి. ఏటా ఖర్చు బోటు ధరలో 10 శాతం అని ఒక మోటు లెక్క చెబుతుంటారు, కానీ పాత బోటుకి అది మీరు కొన్న ధర మీద వేసుకుంటే దెబ్బతింటారు, ఎందుకంటే పాతికేళ్ల బోటు సగం ధరకే దొరికినా దానికి వేసే పంపు, ప్రొపెల్లర్, వైరింగ్ కొత్త రేటుకే వస్తాయి. పైగా ఇప్పుడు పార్కింగ్ రెండు, ఇన్సూరెన్స్ రెండు. ఉన్న డబ్బంతా కొనడానికే పెట్టేసే పరిస్థితి అయితే ఒక సైజు తగ్గండి, మొదటి ఏడాది రిపేర్లకి విడిగా డబ్బు ఉండి తీరాలి.

ఇక అసలు పని, చూసి కొనడం. పెయింట్, సీట్లు, మ్యూజిక్ సిస్టం చూసి పడిపోకండి. డెక్ మీద చెప్పులిప్పి నడవండి, ఎక్కడన్నా మెత్తగా కుంగితే లోపలి చెక్క నీళ్లు తాగి కుళ్లిందని అనుమానించాలి. చిన్న ప్లాస్టిక్ సుత్తితో తట్టుకుంటూ వెళ్లండి, గట్టి ఫైబర్‌గ్లాస్ ఖణ్‌మంటుంది, పొరలు విడిపోయినచోట మొద్దు శబ్దం వస్తుంది. ఔట్‌బోర్డ్, అంటే బోటు వెనక బయటివైపు బిగించే ఇంజిన్ ఉంటే దాన్ని పైకి లేపి కింది భాగం మీద బరువేసి నొక్కండి, అది బిగించిన వెనక గోడ కదులుతుంటే వదిలేయడమే మేలు. గేర్ ఆయిల్ కొద్దిగా తీసి చూస్తే పాలల్లే ఉందా, లోపలికి నీళ్లు పోతున్నట్టే. ఇంజిన్ సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్‌లో సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటితే మెకానిక్‌ని అడగకుండా ముందుకెళ్లకండి. నీటి అడుగున ఉండే జింక్ ఆనోడ్లు, అంటే మిగతా లోహం తుప్పు పట్టకుండా తామే అరిగిపోయే జింక్ ముక్కలు, సగం అరిగి ఉంటే మంచి గుర్తే, అస్సలు అరక్కుండా కొత్తగా మెరుస్తుంటే నిన్ననే మార్చి ఉండాలి, లేదా వాటికి కనెక్షనే లేదు. బోటు అడుగున నీళ్ల దారులు మూసే వాల్వులు ఒక్కొక్కటీ చేత్తో తిప్పండి, బిగుసుకుపోయిన వాల్వు అవసరానికి మూతపడదు. తెరచాప బోటైతే స్తంభాన్ని పట్టి ఉంచే స్టీల్ వైర్లు ఎప్పుడు మార్చారో అడగండి, పదేళ్లు దాటితే మార్చే ఖర్చు బేరంలో తగ్గించమనండి. ఇంజిన్ గంటలు తక్కువ అని మురిసిపోవద్దు, ఏళ్ల తరబడి స్టార్ట్ చేయని ఇంజిన్ కంటే వాడుతూ సర్వీస్ చేయించింది నయం.

ట్రయల్‌కి వెళ్లేముందు ఇంజిన్ చల్లగా ఉందో లేదో చెయ్యి పెట్టి చూడండి, మీరొచ్చేలోపే వేడిచేసి ఉంచారంటే కోల్డ్ స్టార్ట్ కష్టమని అనుమానం. నీలం పొగ అంటే ఆయిల్ మండుతోంది, నల్లపొగ అంటే ఇంధనం సరిగ్గా మండట్లేదు లేదా ఇంజిన్ మీద లోడ్ ఎక్కువైంది. ఫుల్ థ్రాటిల్‌లో కంపెనీ చెప్పిన ఆర్‌పీఎం అందుకోవాలి, టెంపరేచర్ నిలకడగా ఉండాలి. అంతా నచ్చినా అడ్వాన్స్ ఇచ్చేముందు బోట్లు పరీక్షించే సర్వేయర్‌ని పెట్టండి, బోటు నీళ్లలోంచి పైకి తీయించి చూపించండి, ఆ సర్వేయర్ అమ్మేవాళ్లు చెప్పినవాడు కాకుండా ఉంటే మంచిది. హల్ (బోటు బాడీ) నంబరు, ఇంజిన్ నంబరు కాగితాలతో సరిపోలాలి, లోను బాకీ లేదని రాతపూర్వకంగా తీసుకోండి.

ఇంటికొచ్చాక మీ చిన్న బోటు అలవాట్లు కొన్ని మానుకోవాలి. ఒడ్డుకి తగలబోతుంటే చిన్నదాన్ని చేత్తోనో కాలితోనో ఆపేస్తాం, పెద్దదానికి అలా మధ్యలో చెయ్యి పెడితే ఎముకలు మిగలవు, ఫెండర్లు (దెబ్బ తగలకుండా పక్కన వేలాడదీసే మెత్తలు), తాళ్లు వాడండి. గాలి కూడా దీన్ని ఎక్కువ తోస్తుంది, అందుకని ఖాళీగా ఉన్న రోజు నెమ్మదిగా రివర్స్, మలుపులు ప్రాక్టీస్ చేయండి. ఔట్‌బోర్డ్ అలవాటై ఇంజిన్ బోటు లోపలే ఉండే పెట్రోల్ ఇన్‌బోర్డ్‌కి మారితే స్టార్ట్ చేసే ముందు ఇంజిన్ గది గాలిని బయటికి పంపే బ్లోయర్ కనీసం 4 నిమిషాలు నడపాలి, ఇంజిన్ గదిలో పెట్రోల్ ఆవిరి ఉంటే పేలుతుంది.

చిన్న బోటు చచ్చేది సాధారణంగా దొంగతనంతో, దొంగలం మనమే. పెద్దదానికి అర్జెంటుగా బ్యాటరీ కావాలి, చిన్నదాన్లోంచి తీస్తాం, తర్వాత లంగరు, తర్వాత రేడియో, ఆ తర్వాత లైఫ్ జాకెట్లు, చివరికి ఒక ఆదివారం సరదాగా వెళ్దామంటే అందులో ఏమీ ఉండదు. కాబట్టి దేని సామాను దానికే, చేతి రేడియో లాంటివి ఒకటీ రెండూ పంచుకోవచ్చు. దాన్ని ట్రెయిలర్ మీద ముక్కు పైకి ఉండేలా పెట్టి డ్రెయిన్ ప్లగ్ (నీళ్లు బయటికి పోయే బిరడా) తీసేయండి, కవరు కింద గాలాడాలి, లేకపోతే బూజు. పాత పెట్రోల్ నిలవ ఉంచకండి, ఉంచాల్సొస్తే పెట్రోల్ పాడవకుండా కాపాడే స్టెబిలైజర్ కలిపి ఇంజిన్ కాసేపు నడపండి. చక్రాల బేరింగ్‌లకి గ్రీజు పట్టించండి.

చిన్నదాన్ని పెద్దదానికి వెనక కట్టి టెండర్‌గా, అంటే ఒడ్డుకి వెళ్లి రావడానికి వాడే తోడు పడవగా, వాడదామనే ఆలోచన వస్తుంది, నాకైతే నచ్చదు. తేలికైన డింగీ (చిన్న పడవ) అయితే సరే, ఇంజిన్ తీసేసి, అలల మీద సర్దుకునేలా తాడు పొడవు సరిచూసుకుని, నీళ్లు ప్రశాంతంగా ఉన్నప్పుడే లాగండి. బరువైనది అల మీదనుంచి జారి వచ్చి మీ వెనక గోడకే గుద్దుకుంటుంది, అలాంటిదాన్ని ట్రెయిలర్ మీదే ఉంచి, టైర్లలో గాలి నింపి, తాళంచెవి గుమ్మం దగ్గర తగిలించి పెట్టుకోండి, బుద్ధి పుట్టినప్పుడు పావుగంటలో బయల్దేరొచ్చు.