ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదా? ఇంట్లో ఎంతవరకు చూడొచ్చు, ఎక్కడ చేయి తీసేయాలి

ఇగ్నిషన్ ఆన్ చేయగానే మీటర్‌లో ఎర్రగానో పసుపుగానో ఎయిర్‌బ్యాగ్ గుర్తు వెలిగి, కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. ఆరకపోయినా, దారిలో ఉన్నట్టుండి వెలిగినా సిస్టమ్ ఎక్కడో తేడా పసిగట్టి, ఆ లోపాన్ని తెలిపే కోడ్ దాచుకుందన్నమాట. అప్పుడు గుద్దుకుంటే బ్యాగ్ తెరుచుకుంటుందన్న భరోసా లేదు. బండి మాత్రం మామూలుగానే నడుస్తుంది కాబట్టి నెలల తరబడి అలాగే తిప్పేసేవాళ్లు ఎక్కువ.

మనమే బాగుచేసుకోవచ్చా అని తేల్చుకోవడానికి చూడాల్సింది ఒక్కటే: పేలే భాగాన్ని విప్పాలా, దాని వైరును కొలవాలా? అవునంటే అది ఇంటి పని కాదు. బ్యాగ్‌ను పేల్చే నిప్పురవ్వ భాగమైన ఇగ్నైటర్ రెసిస్టెన్స్ సాధారణంగా సుమారు 2 ఓమ్‌లు. దానికి 1.2 ఆంపియర్ల కరెంటు 2 మిల్లీసెకన్లు అందితే చాలు, పేలుతుంది. టెస్ట్ ల్యాంప్ పెడితే ఆ కరెంటు తేలిగ్గా దాటిపోవచ్చు. మల్టీమీటర్ కూడా ఓమ్‌లు కొలిచేటప్పుడు తన బ్యాటరీ నుంచే కరెంటు పంపుతుంది. అందుకే తెలిసిన టెక్నీషియన్ ఎయిర్‌బ్యాగ్‌ను నేరుగా కొలవడు. దాన్ని పక్కకు తీసి, ఆ స్థానంలో 2 ఓమ్‌ల డమ్మీ లోడ్ (బ్యాగ్‌కు బదులు పెట్టే రెసిస్టర్) తగిలించి, కోడ్ మారిందో లేదో, బండిలోని కోడ్‌లు చదివే స్కానర్‌లో చూస్తాడు.

సీటు కవర్లు వేయించాక, లోపల క్లీనింగ్ చేయించాక లైటు వచ్చింది

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. ముందు సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు ఉంటాయి. సైడ్ ఎయిర్‌బ్యాగ్, సీటుబెల్టు సర్క్యూట్లు చాలా బండ్లలో వాటి గుండానే వెళ్తాయి. సీటు బాగా వెనక్కి జరిపినప్పుడో, వాక్యూమ్ గొట్టం తగిలినప్పుడో అవి వదులవుతాయి.

ఇక్కడ మీరు చేయగలిగింది కొంత ఉంది. ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి, మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగండి. మాన్యువల్ దొరక్కపోతే 10 నిమిషాలకు తగ్గొద్దు. బ్యాటరీ తీసినా, ఎయిర్‌బ్యాగ్‌లను నడిపే కంట్రోల్ యూనిట్‌లోని కెపాసిటర్‌లో బ్యాగ్‌ను పేల్చేంత కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది. తర్వాత టార్చి వేసి చూడండి. వైరు నలిగిందా, కనెక్టర్ లాక్ పైకి లేచిందా? లేస్తే క్లిక్‌మనే దాకా నొక్కండి. అంతకుమించి వద్దు. వైరు తెగితే కోసి, మెలేసి టేపు చుట్టడం ఈ సర్క్యూట్‌లో కుదరదు. అతుకు దగ్గర రెసిస్టెన్స్ ఒకటి రెండు ఓమ్‌లు పెరిగినా మళ్లీ కోడ్ వస్తుంది.

బ్యాటరీ తిరిగి తగిలించాక మొదటిసారి ఇగ్నిషన్ వేసేటప్పుడు సీట్లో కూర్చోకుండా, బయట నిలబడి చేయి మాత్రం లోపల పెట్టి వేయండి. కనెక్టర్ సరిగ్గా కూర్చున్నా కొన్ని బండ్లలో లైటు తనంతట ఆరదు. స్కానర్‌తో కోడ్ చెరపాలి. బండి డయాగ్నస్టిక్ సాకెట్‌కు తగిలించే చౌక ఓబీడీ స్కానర్లలో చాలావాటికి ఇంజిన్ కోడ్‌లే తప్ప ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు కనిపించవు. కొనేముందు ఎస్‌ఆర్‌ఎస్ (ఎయిర్‌బ్యాగ్ సిస్టమ్) చదువుతుందో లేదో అడగండి.

సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీటుకు మామూలు కవరు తొడిగితే లైటు రాకపోవచ్చు. బ్యాగ్ బయటికొచ్చే దారి మాత్రం మూసుకుంటుంది.

లైటు వెలుగుతోంది, హారన్ మోగడం లేదు, స్టీరింగ్ బటన్లూ పనిచేయడం లేదు

మూడూ కలిసి వస్తే క్లాక్‌స్ప్రింగ్‌ను అనుమానించాలి. స్టీరింగ్ వెనక గడియారం స్ప్రింగులా చుట్టి ఉండే రిబ్బన్ కేబుల్ అది. వాడగా వాడగా తెగుతుంది. స్టీరింగ్ తిప్పితే లోపల గరగరమని రాచుకోవడం ముందస్తు సూచన. హారన్ ఒక్కటే పోతే ముందు ఫ్యూజు, రిలే చూడండి.

క్లాక్‌స్ప్రింగ్ మార్చాలంటే డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ విప్పక తప్పదు, కాబట్టి సర్వీస్ సెంటర్‌కే. చక్రాలు తిన్నగా పెట్టి, కొత్తదాన్ని రెండువైపులా సమానంగా తిరిగేలా మధ్యలో ఉంచి (సెంటర్ చేసి) బిగించాలి. అది తప్పితే ఏదో ఒకవైపు పూర్తిగా తిప్పగానే కొత్త కేబుల్ కూడా తెగుతుంది.

బ్యాటరీ దిగిపోయాక, జంప్ స్టార్ట్ చేశాక వచ్చింది

వోల్టేజి పడిపోతే కోడ్ నమోదవుతుంది. బ్యాటరీ పూర్తిగా చార్జ్ చేసి, టెర్మినళ్లు శుభ్రం చేసి చూడండి. ఇది నిక్షేపంగా మీ పనే.

లోపలికి నీళ్లు వచ్చాయి

కంట్రోల్ యూనిట్ చాలా బండ్లలో గేరు కన్సోల్ కింద, నేల మీదే ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో మునిగినట్టు మునిగిన కారైతే కార్పెట్ ఎండబెట్టడం సరిపోదు. ఇగ్నిషన్ కూడా వేయకుండా టోయింగ్‌లో పంపండి.

లైటు అసలు వెలగనే వెలగదు

సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడు తప్పక చూడాల్సింది ఇది. ఇగ్నిషన్ వేసినప్పుడు ఒక్కసారైనా వెలగలేదంటే బల్బు తీసేసి ఉండొచ్చు. ఇంకో దొంగదారి కూడా ఉంది: పేలిన బ్యాగ్ స్థానంలో చిన్న రెసిస్టర్ పెడితే సిస్టమ్ అంతా సవ్యంగా ఉందనుకుంటుంది, లైటు పద్ధతిగా వెలిగి ఆరిపోతుంది. దీన్ని కంటితో పట్టుకోలేం. డ్యాష్‌బోర్డు మీద అతుకు గీత, రంగు తేడా ఉన్న స్టీరింగ్ ప్యాడ్ చూస్తే అనుమానించి, సర్వీస్ సెంటర్‌లో విప్పి చూపించమనండి.

ఒకసారి బ్యాగ్ తెరుచుకున్నాక

పేలిన బ్యాగ్‌తో పాటు, గుద్దుకున్న క్షణంలో బెల్టును బిగించే సీటుబెల్టు ప్రీటెన్షనర్లలో పనిచేసినవి కూడా మారాలి. అవి ఒక్కసారికే. కంట్రోల్ యూనిట్, ముందు సెన్సర్ల సంగతి ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ తేలుస్తుంది. పాత బండి సామాన్ల దుకాణంలో దొరికే ఎయిర్‌బ్యాగ్ నీళ్లలో నానిందో, రీకాల్‌లో (లోపం వల్ల కంపెనీ వెనక్కి పిలిచిన జాబితాలో) ఉన్నదో తెలిసే దారి లేదు. బేరం ఎంత బాగున్నా వద్దు.

లైటు సరిగ్గానే ఉంది, కానీ కారు పాతది

తకాటా అనే జపాన్ కంపెనీ తయారుచేసిన ఇన్‌ఫ్లేటర్ల (బ్యాగ్‌లోకి గాలి నింపే డబ్బాల) లోపాన్ని ఏ లైటూ చూపదు. వాటిలో మండి గ్యాస్ పుట్టించే అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలి చెడిపోతే, బ్యాగ్ తెరుచుకునేటప్పుడు లోహపు డబ్బా పగిలి ముక్కలు మనుషుల మీదికి వస్తాయి. మన కోస్తా ఉక్కపోత దానికి అనువైన వాతావరణమే. హోండా, టయోటా సహా పలు కంపెనీలు భారత్‌లోనూ ఇలాంటి కార్లను వెనక్కి పిలిచాయి. ఆర్‌సీ మీదున్న 17 అక్షరాల ఛాసిస్ నంబరును కంపెనీ వెబ్‌సైటులోని రీకాల్ పేజీలో కొట్టి చూడండి. జాబితాలో ఉంటే ఇన్‌ఫ్లేటర్ ఉచితంగా మారుస్తారు.