బ్రిటన్ వస్తున్నారా? కాలిపర్, చెవి మిషన్, వీల్‌చైర్ వాడేవాళ్లకు కొన్ని సంగతులు

మేం బ్రిటన్ వచ్చిన మూడో నెలలో కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) నుంచి ఒకావిడ ఇంటికొచ్చింది. ఆక్యుపేషనల్ థెరపిస్ట్, అంటే రోజువారీ పనులు ఎలా చేసుకుంటున్నామో చూసి సాయం సూచించే మనిషి, ఇక్కడ అందరూ ఓటీ అంటారు. నా ఎడమ కాలు పోలియోది, కాలిపర్ (కాలికి ఊతమిచ్చే కడ్డీలు, పట్టీలు) వేసుకుని నడుస్తాను. ఆవిడ వస్తోందని సోఫా మీద ఫైలు సర్దిపెట్టుకుని కూర్చున్నాను. సదరం సర్టిఫికెట్, వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ, పాత ఎక్స్‌రేలు, అన్నీ వరుసగా. ఆవిడ ఒక్క కాగితం కూడా ముట్టుకోలేదు. "స్నానం ఎలా చేస్తారో ఒకసారి చూపిస్తారా?" అని బాత్‌రూం వైపు నడిచింది.

ఇక్కడ అద్దె ఇళ్లలో చాలావాటికి బాత్‌రూం పైఅంతస్తులో ఉంటుంది. షవర్ టబ్‌లోనే ఉంటుంది. టబ్ అంచు మోకాలి ఎత్తున ఉంటుంది, కాలిపర్ విప్పాక నా ఎడమ కాలు బరువు ఆపదు. అంచు మీద కూర్చుని, ఒక చేత్తో సింకు పట్టుకుని, రెండో చేత్తో కాలును ఎత్తి లోపల పెట్టుకునేవాణ్ని. అడిగితే మాత్రం నా నోట్లోంచి వచ్చిన మాట "పర్వాలేదండీ, అలవాటే". ఆవిడ అదే రాసుకోబోతుంటే మా ఆవిడ వెనక నుంచి, "ఈ నెలలోనే రెండుసార్లు జారారు, చెప్పరేం?" అంది. ఆ మాట వల్లే టబ్ మీద అడ్డంగా పెట్టుకునే ప్లాస్టిక్ పలక, గోడకు రెండు పట్టుకునే రాడ్లు వచ్చాయి. పైసా కట్టలేదు. ఇంగ్లండ్‌లో ఇలాంటి సామాను, చిన్న చిన్న మార్పులు ఒక్కోటి వెయ్యి పౌండ్ల లోపు ఉంటే, అవసరమని తేలితే కౌన్సిల్ ఉచితంగానే ఇవ్వాలి. అద్దె ఇల్లయితే గోడకు రంధ్రాలు వేసేముందు ఓనరుకు చెప్పాలి, అంతే.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను మొదట చెప్పేది దీని గురించే. మన దగ్గర అంతా శాతాల లెక్క. సదరం క్యాంపులో 40 దాటిందా లేదా అన్నదాని మీద పింఛన్, బస్ పాస్, రిజర్వేషన్ అన్నీ ఆధారపడతాయి. ఇక్కడ శాతం ఎవరూ అడగరు. మెట్లు ఎలా దిగుతారు, రాత్రి లేవాల్సి వస్తే ఏం చేస్తారు, కుక్కర్ స్టవ్ మీంచి దించగలరా, ఇవే ప్రశ్నలు. మనకేమో బాధ చెప్పుకోవడం నామోషీ. డాక్టరు ముందు కూడా "నెట్టుకొస్తున్నాం" అంటాం. ఇక్కడ ఆ మాట అంటే "సాయం అవసరం లేదు" అని రాసేసుకుంటారు. అబద్ధాలు చెప్పమనడం లేదు. వారం ముందు నుంచీ ఒక కాగితం మీద ఎక్కడ ఇబ్బంది పడ్డారో, ఎప్పుడు ఎవరి చెయ్యి పట్టుకున్నారో రాసుకోండి. మంచి రోజు గురించి కాదు, కాలు నొప్పితో లేవలేని రోజు గురించి చెప్పండి. పక్కన ఇంట్లోవాళ్లు ఒకరుంటే మంచిది, మనం మింగేసిన మాట వాళ్లు చెబుతారు.

వీసా, డబ్బు గొడవ

"ఏదైనా అడిగితే వీసాకు దెబ్బ" అన్న భయం మనవాళ్లలో బాగా ఉంది. సగం నిజం. వీసా మీద "నో పబ్లిక్ ఫండ్స్" అని ఉంటే పిప్ (వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే నెలసరి సాయం), అటెండెన్స్ అలవెన్స్, కేరర్స్ అలవెన్స్, పిల్లలకిచ్చే డిజబిలిటీ లివింగ్ అలవెన్స్ లాంటి నగదు సాయాలకు అప్లై చేయకూడదు. శాశ్వత నివాసం వచ్చేదాకా వాటి జోలికి పోవద్దు. కానీ ఎన్‌హెచ్ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ) వైద్యం, దాని ద్వారా వచ్చే కాలిపర్, చెవి మిషన్, వీల్‌చైర్, పిల్లల బడి చదువు ఆ జాబితాలో లేవు. పైగా వాటికి మనం ముందే కట్టేశాం. వీసా తీసుకునేటప్పుడు హెల్త్ సర్‌ఛార్జ్ కట్టారు కదా, 2024 ఫిబ్రవరి నుంచి పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థులకు, 18 ఏళ్లలోపు పిల్లలకు 776. ఐదేళ్ల వీసాకు తలకు ఐదు వేల పౌండ్లు దాటింది. హెల్త్ అండ్ కేర్ వీసా మీద వచ్చిన నర్సులు, కేరర్లకు అది లేదు, హక్కు మాత్రం సమానమే.

దిగిన వారంలోనే దగ్గరలోని జీపీ (ఫ్యామిలీ డాక్టరు) సర్జరీలో పేరు నమోదు చేయించుకోండి. సర్జరీ అంటే ఆపరేషన్ కాదు, మన క్లినిక్ లాంటిది. పాస్‌పోర్టు, కరెంటు బిల్లు లేవని వెనక్కి పంపకూడదన్నది ఎన్‌హెచ్ఎస్ నియమం. కౌంటర్‌లో కొందరు పట్టుబడతారు, మర్యాదగా గుర్తుచేయండి. ఇంగ్లీషులో చెప్పుకోలేని పెద్దవాళ్లుంటే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. దానికి డబ్బు తీసుకోరు. పన్నెండేళ్ల పిల్లతో తల్లి సమస్యలు అనువాదం చేయించే పని పెట్టుకోవద్దు.

కాలిపర్

బ్రిటన్‌లో పుట్టుకొచ్చిన చివరి పోలియో కేసు 1984 నాటిది. మన దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 నాటిది. మా జీపీ కుర్రాడు పోలియో కాలును పుస్తకంలో తప్ప చూడలేదని అతనే ఒప్పుకున్నాడు. "కాలిపర్" అంటే తెల్లమొహం వేశాడు. తొడదాకా వచ్చేదాన్ని కేఏఎఫ్‌ఓ అంటారు, ఆ మాట చెబితే వెంటనే ఆర్థోటిక్స్‌కు, అంటే ఆసుపత్రిలో కాలిపర్లు చేయించి ఇచ్చే విభాగానికి, రిఫరల్ రాశాడు. మీ రిపోర్టులో ఆ నాలుగు అక్షరాలు ఉండేలా ఇండియాలోనే మీ డాక్టరుతో రాయించుకు రండి.

నేను చేసిన తప్పు ఒక్క కాలిపర్‌తో విమానం ఎక్కడం. మోకాలి దగ్గర కడ్డీ మీద ఒక చిన్న రింగు ఉంటుంది. నిలబడగానే అది టక్కున కిందికి జారి లాక్ అవుతుంది, కూర్చునేటప్పుడు వేలితో పైకి లాగాలి. మొదటి జనవరిలో ఆ రింగు అరిగి, బస్ స్టాపులో నిలబడి ఉండగానే మోకాలు మడతపడింది. మా ఊళ్లో అయితే చెప్పులు కుట్టే ఆయనే పట్టీ మార్చి, రివెట్ కొట్టి, అరగంటలో ఇచ్చేవాడు. ఇక్కడ షూ షాపుల్లో దాన్ని ముట్టుకోరు. ఆసుపత్రిలో ఆర్థోటిస్ట్ చూడాలి, కొలతలు తీయాలి, అచ్చు పోయాలి, వర్క్‌షాప్ నుంచి రావాలి. నాకు తొమ్మిది వారాలు పట్టింది. ఆ తొమ్మిది వారాలూ చంకకర్రల మీదే ఆఫీసుకు వెళ్లాను. కొత్తది వచ్చాక చూస్తే పాతదానిలో సగం బరువు కూడా లేదు, దానికీ డబ్బు తీసుకోలేదు. అయినా చెబుతున్నా, రెండో కాలిపర్, నాలుగు తోలు పట్టీలు, గుప్పెడు రివెట్లు పెట్టెలో పడేసుకుని రండి. ఆవకాయ కాస్త తగ్గినా ఫర్వాలేదు. ఒకసారి ఆర్థోటిక్స్‌లో పేరు ఎక్కితే తర్వాత రిపేర్లకు సాధారణంగా జీపీ దగ్గరికి మళ్లీ వెళ్లక్కర్లేదు, నేరుగా వాళ్లకే ఫోన్ చేయొచ్చు.

చెవి మిషన్

ఇండియాలో లక్ష పెట్టి కొన్న మిషన్‌ను ఎన్‌హెచ్ఎస్ వాళ్లు రిపేరు చేస్తారని ఆశ పెట్టుకోవద్దు. వాళ్లు మళ్లీ పరీక్ష చేసి తమ మిషన్ ఇస్తారు. చాలావరకు చెవి వెనక పెట్టుకునే రకం. అది మీకు అప్పుగా ఇచ్చినట్టు, అమ్మినట్టు కాదు. బ్యాటరీలు, గొట్టం మార్చడం, రిపేరు అన్నీ ఉచితం. పారేసుకుంటే మాత్రం డబ్బు అడగొచ్చు. బ్యాటరీల రంగులు ప్రపంచమంతా ఒకటే కాబట్టి దిగులు లేదు. 10 నంబరుకు పసుపు స్టిక్కర్, 312కు గోధుమ రంగు, 13కు నారింజ, 675కు నీలం. పాత మిషన్‌కు కావాల్సినవి సూపర్‌మార్కెట్లోనే దొరుకుతాయి.

పరీక్ష గురించి భయపడొద్దు. పీప్ పీప్ శబ్దం వినపడితే బటన్ నొక్కడమే, దానికి భాష అక్కర్లేదు. మాటలు వినిపించి తిరిగి చెప్పమనే పరీక్ష పెడితే మాత్రం "ఇంగ్లీష్ నా మాతృభాష కాదు" అని ముందే చెప్పండి. లేకపోతే యాస అర్థంకాక తప్పిన మాటలన్నీ చెవుడు ఖాతాలో పడతాయి. మా స్నేహితుడొకడు వచ్చిన కొత్తలో మిషన్ పాడైందని ఆడియాలజీ (వినికిడి విభాగం) చుట్టూ తిరిగాడు. చివరికి తేలిందేమిటంటే మిషన్ బాగానే ఉంది, వాళ్ల మేనేజరు స్కాట్లాండ్‌ వాడు.

చెవి మిషన్ వాడేవాళ్లకు డిజేబుల్డ్ పర్సన్స్ రైల్‌కార్డ్ వస్తుంది. మీకూ, వెంట వచ్చే పెద్దవాళ్లలో ఒకరికీ టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. మనవాళ్లలో చాలామందికి ఇది తెలియదు.

ఆరోగ్యశ్రీ కింద కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) చేయించుకున్న పిల్లల్ని తీసుకొస్తున్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్తపడాలి. ఇంప్లాంట్ కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు, ఆపరేషన్ తేదీ, చివరి మ్యాపింగ్ (పిల్లాడి వినికిడికి తగ్గట్టు సరిచేసిన సెట్టింగులు) ఫైలు, ఇవన్నీ ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. ఇక్కడ ప్రతి ఆసుపత్రిలోనూ ఇంప్లాంట్ విభాగం ఉండదు, జీపీ ద్వారా ప్రత్యేక సెంటర్‌కు రిఫర్ చేయించుకోవాలి. అది అయ్యేలోగా బయటి కాయిల్, కేబుల్ తెగితే పిల్లాడికి బొత్తిగా వినపడదు కాబట్టి స్పేర్ ఒకటి ఉండాలి. బడిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని చూసుకునే సెన్‌కో అనే టీచరు ఉంటారు, చేర్చిన రోజే కలవండి. పిల్లాడికి బడిలో మామూలుగా దొరికేదానికి మించి సాయం కావాలంటే, ఏ సాయం అందాలో రాసిచ్చే ఈహెచ్‌సీ ప్లాన్ అడగాలి. తల్లిదండ్రులే నేరుగా కౌన్సిల్‌కు రాయొచ్చు. నిబంధన ప్రకారం 20 వారాల్లో తేలాలి, తరచూ అంతకు మించే పడుతుంది.

వీల్‌చైర్, చూపు

వీల్‌చైర్ ఎక్కువ కాలం కావాలంటే మీ ప్రాంతపు ఎన్‌హెచ్ఎస్ వీల్‌చైర్ సర్వీస్‌కు జీపీ గానీ ఫిజియో గానీ ఓటీ గానీ రాయాలి. వాళ్లిచ్చేది నచ్చకపోతే, ఇంగ్లండ్‌లో పర్సనల్ వీల్‌చైర్ బడ్జెట్ అడిగే హక్కు 2019 డిసెంబర్ నుంచి ఉంది. వాళ్ల వాటాకు మీ డబ్బు కలిపి మెరుగైనది తీసుకోవచ్చు. కాలు విరిగి రెండు నెలలే కావాలంటే అద్దెకు దొరుకుతుంది. సొంతంగా కొనేటట్టయితే వికలాంగుల కోసమే తయారైన వస్తువుల మీద వ్యాట్ కట్టక్కర్లేదు. 20 శాతం మిగిలినట్టే. మీ పేరు, అడ్రసు, ఇబ్బంది ఏమిటో ఒక ఫారంలో రాసివ్వాలి. దీనికి వీసాతో సంబంధం లేదు. షాపువాడు చెప్పడు, మనమే అడగాలి.

చూపు బాగా తగ్గినవాళ్లు కంటి ఆసుపత్రి కన్సల్టెంట్ (పెద్ద డాక్టరు) చేత సీవీఐ అనే చూపు లోపం సర్టిఫికెట్ సంతకం చేయించుకుంటే కౌన్సిల్‌లో పేరు నమోదవుతుంది. తెల్లకర్రతో నడక నేర్పేవాళ్లు, భూతద్దాల్లాంటి లో విజన్ పరికరాలు ఆ దారిలోనే వస్తాయి. షుగర్ ఉన్నవాళ్లకు ఇంగ్లండ్‌లో కంటి పరీక్ష ఉచితం.

ఉద్యోగం, చదువు

ఉద్యోగం వస్తే యాక్సెస్ టు వర్క్ అన్న పథకం గుర్తుపెట్టుకోండి. ప్రత్యేకమైన కుర్చీ, స్క్రీన్ రీడర్, సైగల భాష ఇంటర్‌ప్రెటర్, బస్సు ఎక్కలేనివాళ్లకు టాక్సీ ఖర్చు, వీటికి ప్రభుత్వం సాయం చేస్తుంది. చేరిన ఆరు వారాల్లోపు అప్లై చేస్తే యజమాని వాటా అడగకుండా పూర్తి ఖర్చు వచ్చే అవకాశం ఉంది. జవాబుకు నెలలు పడుతోంది కాబట్టి ఆఫర్ లెటర్ రాగానే మొదలుపెట్టండి. నేను మొహమాటపడి ప్రొబేషన్ అయ్యేదాకా ఆగాను. అనవసరంగా ఆగాను.

మాస్టర్స్‌కు వచ్చే పిల్లలకు డిజేబుల్డ్ స్టూడెంట్స్ అలవెన్స్ రాదు, అది ఇక్కడి విద్యార్థులకే. కానీ యూనివర్సిటీ తనవంతు ఏర్పాట్లు చేయాలని 2010 ఈక్వాలిటీ చట్టం చెబుతోంది. పరీక్షలో అదనపు సమయం, లిఫ్ట్ ఉన్న హాస్టల్, నోట్స్ తీసే సాఫ్ట్‌వేర్ అడగండి. ఏడాది కోర్సు కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది, ఇండియాలో ఉండగానే డిజబిలిటీ సర్వీస్‌కు మెయిల్ పెట్టండి.

అమ్మానాన్న విజిటర్ వీసా మీద వస్తుంటే లెక్క వేరు. జీపీని చూడటం ఉచితమే, కానీ ఆసుపత్రి వైద్యానికి ఎన్‌హెచ్ఎస్ రేటుకు ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు. వాళ్ల చెవి మిషన్, వాకర్ అక్కడే బాగుచేయించి, ప్రయాణ ఇన్సూరెన్స్ తీసి పంపమనండి. విమానాశ్రయంలో వీల్‌చైర్ కావాలని ఎయిర్‌లైన్‌కు కనీసం 48 గంటల ముందు చెప్పాలి.

ఇంకొకటి, ఇల్లు మారితే కొత్త అడ్రసు జీపీకి ఒక్కటే చెబితే చాలదు, ఆసుపత్రిలో ప్రతి విభాగానికీ విడిగా చెప్పండి. అపాయింట్‌మెంట్ తప్పితే చాలాచోట్ల పేరు కొట్టేసి, మళ్లీ జీపీ దగ్గర నుంచి రమ్మంటారు. నా కాలిపర్ కొలతల ఉత్తరం పాత ఇంటి చిరునామాకు వెళ్లింది. ఆ ఇంట్లో కొత్తగా చేరిన గుంటూరు కుర్రాడు పేరు చూసి తెలుగువాడినని వెతికి, వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. చూస్తే అపాయింట్‌మెంట్ మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు.