కోమాలో ఉన్న మనిషిని పలకరించడం ఎలా?

"వెళ్ళి మాట్లాడుతూ ఉండండి." ఐసీయూ బయట కూర్చున్న కుటుంబాలకు డాక్టర్లు తరచూ చెప్పే మాట ఇది. ఏం మాట్లాడాలో, ఎంతసేపు మాట్లాడాలో, మాట్లాడాక దేనికోసం చూడాలో చెప్పే తీరిక మాత్రం అక్కడ ఎవరికీ ఉండదు. దాంతో కొందరు మంచం పక్కన నిలబడి ఏడ్చి వచ్చేస్తారు. ఇంకొందరు ఫోన్‌లో భక్తి పాటలు పెట్టి, దిండు పక్కన వదిలేసి వస్తారు. రెండూ ప్రేమతో చేసేవే. కానీ దెబ్బతిన్న మెదడుకు మన ప్రేమ అందాలంటే దానికో పద్ధతి ఉంది. వైద్యులు దీన్ని సెన్సరీ స్టిమ్యులేషన్ అంటారు. వినికిడి, స్పర్శ, చూపు, వాసన, వీటిలో ఒక్కో దారిలో చిన్న కబురు పంపి, జవాబు కోసం ఆగాలి. ఆ ఆగడమే ఇందులో అసలు పని.

ఇలా చేస్తే తప్పకుండా లేస్తారని ఎవరూ హామీ ఇవ్వలేరు. వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి తూచి చూసే కోక్రేన్ సంస్థ సమీక్ష 2002లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను పరిశీలించి, ఇది పనిచేస్తుందనడానికి గానీ, చేయదనడానికి గానీ నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది. 2015లో అమెరికాలో థెరెసా పేప్ బృందం 15 మంది మీద చేసిన అధ్యయనంలో, ఇంట్లోవాళ్ళ గొంతుతో రికార్డు చేసిన కథలు విన్నవారిలో స్పందన మెరుగుపడింది. అది చాలా చిన్న అధ్యయనమే. అయినా పద్ధతిగా చేయమని నేను గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. స్పృహ తిరిగొచ్చే తొలి గుర్తులు చాలా చిన్నవి. వస్తాయి, పోతాయి. రౌండ్‌కి వచ్చిన డాక్టరు మంచం దగ్గర ఉండే కాసేపట్లో అవి కనిపించకపోవచ్చు. గంటల తరబడి పక్కనుండే మనిషి కంట పడతాయి, ఆ మనిషికి ఏం చూడాలో తెలిసి ఉంటే.

1. మొదట డాక్టర్ని అడగండి

తలకు దెబ్బ తగిలిన తొలి రోజుల్లో మెదడులో ఒత్తిడి ఎక్కువగా ఉండవచ్చు. అప్పుడు కదపడం, పెద్ద శబ్దం చేయడం కూడా ఆ ఒత్తిడిని పెంచవచ్చు. ఫిట్స్ వస్తున్నా, జ్వరం ఎక్కువగా ఉన్నా ఆగాల్సిందే. సెడేషన్ (మత్తు) మందు నడుస్తోందా అని కూడా అడగండి. నడుస్తుంటే మీరు ఎంత పిలిచినా పలకకపోవడం మందు వల్ల కావచ్చు. దాన్ని చూసి బెంగపడకండి.

జీసీఎస్ (గ్లాస్గో కోమా స్కేల్) ఎంత అని అడిగి రాసుకోండి. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే వైద్యులు తయారుచేసిన, స్పృహ ఎంత ఉందో చెప్పే కొలత ఇది. కన్ను తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15 మార్కులు. అన్నిటికన్నా తక్కువ 3. సాధారణంగా 8, అంతకన్నా తక్కువ ఉంటే కోమాగా లెక్కిస్తారు. గొంతులో ట్యూబ్ ఉన్నవాళ్ళకు మాట మార్కు వేయలేరు కాబట్టి మొత్తం మార్కును చూసి కంగారుపడకుండా, కదలిక మార్కు ఎంతో విడిగా అడగండి. చెప్పిన పని చేస్తేనే అందులో 6 వేస్తారు. మనం ఎదురుచూసేది దానికోసమే.

2. వేళ కుదుర్చుకోండి, గదిని ప్రశాంతంగా ఉంచండి

ఒక్కోసారి 10–15 నిమిషాలు చాలు. రోజుకు రెండు మూడు సార్లు చేయండి. మధ్యలో పూర్తి విశ్రాంతి ఇవ్వాలి. సక్షన్ (గొంతులోని కఫాన్ని గొట్టంతో లాగడం) చేసిన వెంటనే, డ్రెస్సింగ్ మార్చిన వెంటనే, ఫిజియోథెరపీ అయిన వెంటనే మొదలుపెట్టవద్దు. ఆ సమయంలో మనిషి అలసిపోయి ఉంటారు. ఏ వేళ బాగుంటుందో సిస్టర్‌ని అడిగితే చెబుతారు.

టీవీ ఆపండి, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. మంచం దగ్గర ఒక్కరే ఉండాలి. రోజంతా పాట మోగుతూ ఉంటే దెబ్బతిన్న మెదడు దాన్ని ఫ్యాను చప్పుడులాగే పక్కకు నెట్టేస్తుంది. ఆ హోరులో మీ పిలుపు కూడా కలిసిపోతుంది.

చాలామంది మరిచిపోయే సంగతి ఇంకొకటి ఉంది. రోగికి ఇంట్లో వినికిడి మిషన్ ఉండేదా? కళ్ళజోడు ఉండేదా? ఆసుపత్రికి తెచ్చిన హడావుడిలో అవి ఇంట్లోనే ఉండిపోతాయి. తెచ్చి, డాక్టరు సరేనంటే పెట్టండి. అదివరకే ఒక చెవి సరిగా వినిపించకపోయినా ఆ సంగతి చెప్పండి.

3. ముట్టుకోకుండా రెండు నిమిషాలు చూడండి

ఈ మెట్టును ఎవరూ పట్టించుకోరు, కానీ ఇది లేకపోతే మిగతాదంతా వృథా. మీరేమీ చేయకముందే వేళ్ళు కదులుతున్నాయా? కనురెప్పలు ఎన్నిసార్లు కొట్టుకుంటున్నాయి? మానిటర్ మీద పల్స్ ఎంత? ఇవి తెలిస్తేనే, మీరు పిలిచాక వచ్చిన మార్పు నిజంగా మీ పిలుపుకు వచ్చిందో, ఊరికే వచ్చిందో తెలుస్తుంది.

4. గొంతుతో మొదలుపెట్టండి

అన్నిటికన్నా బలమైన దారి ఇదే. పేరు పెట్టి పిలవండి, ఇంట్లో ఏ పేరుతో పిలుస్తారో అదే పేరుతో. "నాన్నా, నేను లక్ష్మిని. ఇప్పుడు పొద్దున పది గంటలైంది. నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. బండి మీద నుంచి పడ్డావు. నేను నీ పక్కనే ఉన్నాను." చిన్న చిన్న వాక్యాలు. ఒక్కో మాటకీ మధ్య కనీసం పది సెకన్లు ఆగండి. దెబ్బతిన్న మెదడు జవాబు కూడదీసుకోవడానికి చాలా టైము తీసుకుంటుంది. మనం కంగారులో రెండో ప్రశ్న వేస్తే మొదటిదాని జవాబు చెదిరిపోతుంది.

తరువాత ఒక జ్ఞాపకం చెప్పండి. "ఎలా ఉన్నావు, త్వరగా లేవాలి" అనే మాటలకన్నా, ఇద్దరూ కలిసి గడిపిన రోజును ఊళ్ళతో, మనుషుల పేర్లతో చెప్పడం మేలు. బోరు వేసినప్పుడు నీళ్ళు పడ్డ సంగతి, అక్క పెళ్ళిలో కరెంటు పోయిన సంగతి, అలాంటివి. దూరాన ఉన్న కొడుకో కూతురో ఇలాంటి కథను ఐదు పది నిమిషాలు రికార్డు చేసి పంపవచ్చు. దాన్ని తక్కువ వాల్యూమ్‌లో, రోజుకు కొన్నిసార్లే వినిపించండి.

చివర్లో ఒకే ఒక్క పని అడగండి. "కళ్ళు గట్టిగా మూసుకో." లేదా "బొటనవేలు పైకెత్తు." ఆగండి, చూడండి. నాలుగుసార్లు అడగండి.

భాష గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన పెద్దవాళ్ళు, గల్ఫ్‌లో పనికి వెళ్ళినవాళ్ళు అక్కడి ఆసుపత్రిలో కోమాలో ఉంటే, సిబ్బంది ఇంగ్లీషులోనో అరబ్బీలోనో చెయ్యి ఎత్తమంటారు. తెలుగు తప్ప మరేదీ రాని మనిషి పలకకపోతే అది స్పృహ లేకా, భాష అర్థం కాకా? హైదరాబాద్‌లోనూ హిందీ మాట్లాడే సిబ్బంది ఉంటారు. రోగికి వచ్చిన భాష ఏమిటో కేస్ షీట్‌లో రాయించండి. నాలుగు తెలుగు ఆదేశాలు వాళ్ళు చదవగలిగే లిపిలో రాసి మంచం దగ్గర అంటించండి.

5. స్పర్శ

ముట్టుకునే ముందు చెప్పండి: "నీ కుడిచెయ్యి పట్టుకుంటున్నాను." అరచేతిని నిండుగా, కాస్త గట్టిగా పట్టుకోండి. పైపైన నిమిరితే గిలిగింతలా చిరాకు పెడుతుంది. గోరువెచ్చని తడిబట్టతో ముఖం తుడవడం, తల దువ్వడం, అమ్మ నూలు చీర కొంగు చేతికి తగిలించడం, ఇలా అలవాటైన స్పర్శలు వాడండి. గిల్లడం, ఛాతీ మీద నొక్కడం మీ పని కాదు. నొప్పికి స్పందన ఎలా ఉందో డాక్టర్లు చూసుకుంటారు.

మీ వేలు అరచేతిలో పెట్టగానే పట్టుకుంటే పొంగిపోతాం. కానీ పసిపిల్లల్లోలాగే మెదడు దెబ్బతిన్న పెద్దల్లోనూ ఆ పట్టు అసంకల్పితంగా రావచ్చు. అందుకే "పట్టుకో" అని కాక "వదులు" అని అడిగి చూడండి.

6. చూపు, వాసన, రుచి

కళ్ళు తెరిచి ఉంటేనే చూపుతో పని. మూసి ఉన్న రెప్పల్ని తెరవకండి. అద్దాన్ని ముఖానికి 4–6 అంగుళాల దూరంలో పెట్టి, నెమ్మదిగా అటూ ఇటూ, పైకీ కిందికీ జరపండి. ఇతరుల ముఖాలకన్నా తన ముఖం వెంట చూపు కదలడం ఎక్కువగా కనిపిస్తుంది. చూపు అద్దాన్ని వెంబడిస్తే అది విలువైన గుర్తు.

గొంతుకు రంధ్రం చేసి ట్రాకియాస్టమీ పెట్టినవాళ్ళలో గాలి ముక్కు గుండా వెళ్ళదు కాబట్టి వాసన సరిగా అందదు. మిగతావారికి కాఫీ పొడి, మల్లెపూలు, ఇంగువ, ఏది ఇష్టమైతే అది, ముక్కు దగ్గర కొన్ని సెకన్లు చాలు. అమృతాంజనం లాంటి ఘాటైనవి వద్దు. అగరుబత్తి, సాంబ్రాణి అసలే వద్దు, ఆక్సిజన్ ఉన్నచోట నిప్పు ప్రాణాంతకం.

రుచి జోలికి మీ అంతట మీరు వెళ్ళవద్దు. తీర్థం చుక్క అయినా సరే, మింగలేని మనిషికి ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా తేవచ్చు.

7. ఎప్పుడు ఆపాలి?

పల్స్ బాగా పెరిగినా, ముఖం ఎర్రబడి చెమటలు పట్టినా, ఊపిరి వేగంగా తీసినా, పళ్ళు కొరికినా, కాళ్ళూ చేతులూ బిగుసుకున్నా వెంటనే ఆపి సిస్టర్‌ని పిలవండి.

8. నోటుబుక్కు పెట్టండి

తేదీ, టైము, ఏం చేశాం, ఏం కనిపించింది, నాలుగింట్లో ఎన్నిసార్లు. "ఈరోజు బాగుంది" అని రాస్తే డాక్టరుకు ఉపయోగం లేదు. "కళ్ళు మూసుకో అన్నప్పుడు నాలుగింట్లో మూడుసార్లు, ఏడెనిమిది సెకన్ల తరవాత మూశారు" అని రాస్తే ఉంటుంది. కళ్ళు తెరవడం, ఆవలించడం, కన్నీళ్ళు కారడం, ముఖంలో నవ్వు మెరవడం, ఇవి ఎరుక లేకుండానూ జరుగుతాయి. కోమా సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు మించి ఉండదు. ఆ తర్వాత కళ్ళు తెరిచినా ఎరుక లేని దశ రావచ్చు.

దీనికి ఎదురు నిజం కూడా ఉంది. 2024లో వచ్చిన ఒక అధ్యయనంలో, చెప్పిన పని బయటికి ఏమాత్రం చేయలేని 241 మందిని మెదడు స్కాన్‌తో గానీ, మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే ఈఈజీతో గానీ, రెండిటితో గానీ పరీక్షించారు. వాళ్ళలో 60 మంది మెదడు మాత్రం చెప్పినట్టు చేస్తోందని తేలింది. కాబట్టి ఆసుపత్రి బిల్లు, పొలం అమ్మకం, "ఇక లాభం లేదు" అనే మాటలు మంచం దగ్గర ఒక్కటీ రాకూడదు. ఆ సంగతులు వరండాలో మాట్లాడుకోండి.

9. జవాబు నిలకడగా వస్తుంటే

ఒకే పని రోజూ చేయగలుగుతున్నారంటే స్పీచ్ థెరపిస్టును పిలిపించమని అడగండి. అవును, కాదు అనడానికి ఒక గుర్తు ఏర్పాటు చేస్తారు. అవునంటే పైకి చూడటం, కాదంటే కళ్ళు మూసుకోవడం లాంటిది. ఏది కుదిరితే అది కాగితం మీద రాసి మంచం తలాపున పెట్టండి. రాత్రి షిఫ్టు సిస్టర్‌తో మొదలుపెట్టి, ఆదివారం చూడటానికి వచ్చే బాబాయి దాకా అందరూ అదే గుర్తు వాడాలి.