పెరట్లో ట్రాంపొలిన్: ఏది చెడితే ఏం చేయాలి

ట్రాంపొలిన్ డబ్బాలో వచ్చే సూచనల పుస్తకాల్లో చాలావాటిలో మంచు పడితే ఏం చేయాలో ఉంటుంది. వరంగల్‌లో మే నెల 43, 44 డిగ్రీల ఎండకు ఏం చేయాలో మాత్రం మనమే తెలుసుకోవాలి. వానకు తుప్పు పడుతుందని అందరూ భయపడతారు గానీ, మన దగ్గర దీన్ని ముందుగా తినేసేది ఎండే. అందుకే వేసవి సెలవులు మొదలయ్యే ముందు ఒకసారి, వానలు తగ్గి దసరా సెలవులు వచ్చే ముందు ఒకసారి మొత్తం విప్పి చూడాలి.

మ్యాట్ అంచున దారపు పోగులు లేస్తున్నాయి

ఇది కనిపిస్తే మిగతావన్నీ పక్కన పెట్టండి, పిల్లల్ని ఎక్కనివ్వకండి.

మ్యాట్ అంటే పిల్లలు గెంతే మధ్య గుడ్డ, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగుల నేత. దాని చుట్టూ పట్టీలు, ఆ పట్టీల్లో ఇనుప త్రికోణాలు కుట్టి ఉంటాయి. స్ప్రింగులు తగిలేది ఆ త్రికోణాలకే. నల్లటి నేత ఎండను చాలాకాలం ఓర్చుకుంటుంది, కుట్టు దారం అంత ఓర్చుకోదు. అందుకే మ్యాట్ చూడ్డానికి కొత్తదానిలా ఉన్నా కుట్లు లోలోపల పొడి అవుతుంటాయి. స్ప్రింగుల మీద కప్పే ప్యాడ్ గాలికి జరిగిపోయి ఎక్కడ ఖాళీ వచ్చిందో, అక్కడి కుట్లే ముందు పోతాయి.

పరీక్ష సులువు. ప్యాడ్ మొత్తం తీసేసి ఒక్కో పట్టీ దగ్గర కుట్టును బొటనవేలి గోటితో గట్టిగా గీకండి. పొడి రాలినా, పోగు తెగినా మ్యాట్ మార్చాల్సిందే. టార్పాలిన్లు కుట్టేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తే కుట్టి ఇస్తారు, పని కూడా శుభ్రంగానే ఉంటుంది. కానీ ఆ కొత్త దారాన్ని పట్టి ఉంచాల్సిన పాత పట్టీ అప్పటికే ఎండకు పెళుసెక్కి ఉంటుంది, పక్క పట్టీలదీ అదే వయసు. దీపావళి నిప్పురవ్వ పడి చిల్లు పడ్డ మ్యాట్‌కూ ఇదే మాట. ప్రతి గెంతుకూ ఆ చిల్లు అంచు చీలుతూ పోతుంది. టపాసులు ఇంటికి అవతలి వైపు కాల్చుకోవడం మేలు.

కొత్త మ్యాట్ కొనేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. 12 అడుగుల ట్రాంపొలిన్ అంటే ఆ 12 ఫ్రేము కొలత, మ్యాట్‌ది కాదు. మూడు లెక్కలు రాసుకుని అడగండి: ఫ్రేము ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు ఎంత, త్రికోణాలు ఎన్ని, సాగదీయని స్ప్రింగు కొక్కెంతో కలిపి ఎంత పొడవు. ఫ్రేమును అడ్డంగా, నిలువుగా రెండు సార్లు కొలవండి. రెండూ తేడా వస్తే ఫ్రేము వంకర పోయిందన్నమాట, ముందు దాని సంగతి చూడాలి.

గెంతితే ఎగరడం లేదు, మధ్యలో కిందికి దిగిపోతోంది

స్ప్రింగులు సాగిపోయాయి. ఒకదాన్ని విప్పి చేతిలో పట్టుకుని చూడండి. బాగున్న స్ప్రింగులో చుట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. చుట్ల మధ్య వెలుతురు కనిపిస్తే దాని పని అయిపోయింది. నాలుగైదే పోతే కొత్తవాటిని ఒకే పక్కన పెట్టకుండా చుట్టూ పంచండి, లేకపోతే పిల్లవాడు ప్రతిసారీ ఒక వైపుకే విసిరేసినట్టు పడతాడు. సగం దాకా పోతే మొత్తం మార్చండి.

బిగించేటప్పుడు వరుసగా వెళ్లొద్దు. గడియారంలో 12 దగ్గర ఒకటి, 6 దగ్గర ఒకటి, తర్వాత 3, 9, ఆ తర్వాత మధ్య ఖాళీలు. వరుసగా వెళ్తే చివరి స్ప్రింగులు ఎంత లాగినా అందవు. లాగే కొక్కెం దొరికితే అదే వాడండి, చేతికి మందపాటి తొడుగులు తప్పనిసరి.

కిర్రుమంటోంది

కొక్కెం ఫ్రేము రంధ్రంలో రాసుకుంటోంది. దుమ్ము తుడిచి, కొక్కెం తగిలే చోట గోరంత గ్రీజు పెట్టండి. వంటనూనె వద్దు, దుమ్ము పట్టి జిగురవుతుంది. గ్రీజు మ్యాట్‌కు అంటనివ్వకండి.

ఒక వైపు ఒరిగింది, గాలిదుమారానికి లేచిపోయింది

రెండూ నేలతో వచ్చే తిప్పలే. పరకాల, జమ్మికుంట వైపు పత్తి పండే నల్లరేగడిలో ఇది బాగా తెలుస్తుంది. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది, దాంతో కాళ్లు ఒక్కోటి ఒక్కో లోతుకు దిగుతాయి. ప్రతి కాలు కింద నేలను కొట్టి గట్టిచేసి, వెడల్పాటి బండను నేలమట్టానికి పాతి దాని మీద కాలు ఆనించండి. బండను నేలపైనే పెడితే కాలు జారుతుంది. తాపీమేస్త్రి నీళ్ల పైపుతో మట్టం చూస్తే సరిపోతుంది. సిమెంటు గచ్చు మీదకు, డాబా మీదకు మాత్రం మార్చొద్దు.

గాలి సంగతి ఇంకా ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉన్నట్టుండి వచ్చే దుమారానికి చుట్టూ ఉన్న వల తెరచాపలా పనిచేస్తుంది. మరలున్న మేకులు ఎర్రనేలలో బాగానే పట్టుకుంటాయి. నల్లరేగడిలో చిక్కేమిటంటే, నేల నెర్రెలిచ్చి మేకు వదులయ్యే రోజులూ గాలి వచ్చే రోజులూ ఒకటే. అక్కడ మేకును నమ్మకండి. కాళ్ల అడుగు పైపుల మీద ఇసుక సంచులు వేసి కట్టండి, మబ్బు పట్టగానే వల దించేయండి.

తుప్పు

పైపైన ఎర్రబడితే ఎమెరీ కాగితంతో రుద్ది, జింక్ ప్రైమర్ ఒక పూత, ఎనామిల్ రెండు పూతలు. అతుకుల దగ్గర, కాళ్ల గొట్టాలు ఫ్రేములోకి దిగే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. లోపలికి దిగితే ఆ పైపు ముక్క పనికిరాదు. వెల్డింగ్ షాపులో అతికిస్తామంటారు. కానీ జింకు పూత ఉన్న పైపును కాల్చితే వచ్చే పొగ మనిషికి జ్వరం తెప్పిస్తుంది, కాలిన చోట పూత పోయి మళ్లీ తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది.

వానాకాలంలో టార్పాలిన్ కప్పి వదిలేయడం మంచిది కాదు. మధ్యలో నీళ్లు నిలిచి ఆ బరువుకు స్ప్రింగులు సాగుతాయి. మ్యాట్ నేతలోంచి నీళ్లు వాటంతట అవే దిగిపోతాయి. వేపాకులు మాత్రం ఊడ్చేయండి, అవి కుళ్లితే పాచి పట్టి జారుతుంది. సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్ చాలు, బ్లీచింగ్ వద్దు.

వల చిరిగింది

బెత్తెడు చిరుగైతే గాలానికి వాడే నైలాన్ దారంతో ముడులు వేసి కుట్టొచ్చు. చేత్తో లాగితే వల పుటపుటా తెగుతుంటే ఎండకు పోయినట్టే, మార్చండి. కోతులు వచ్చే ఇళ్లలో స్తంభాలకు తొడిగిన స్పాంజి గొట్టాలు కూడా పీకి పారేస్తాయి. ఆడుకోని రోజుల్లో వల దించి లోపల పెట్టడమే దారి, జామచెట్టు కిందైతే మరీను. కొమ్మలు పైన 24 అడుగుల దాకా ఉండకూడదు కాబట్టి చెట్టు కింద చోటు ఎలాగూ సరికాదు.

సెలవుల తర్వాత పైపు వంగి కనిపించింది

బతుకమ్మ, దసరాకు చుట్టాల పిల్లలంతా ఒకేసారి ఎక్కి ఉంటారు. ట్రాంపొలిన్ గాయాల్లో దాదాపు 75 శాతం ఒకేసారి ఒకరికి మించి గెంతుతున్నప్పుడే జరుగుతాయని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012లో చెప్పింది. ఎక్కువ దెబ్బ తగిలేది అందులో చిన్నవాడికే. ఒక్కొక్కరినే ఎక్కనివ్వండి, ఆరేళ్లలోపు వాళ్లను అసలే వద్దు. వంగిన పైపును సుత్తితో కొట్టి సరిచేయకండి, వంగిన చోటే మళ్లీ వంగుతుంది. ఆ ముక్క ఒక్కటే మార్చొచ్చు. పైపు వ్యాసం, గోడ మందం, రంధ్రాల మధ్య దూరం కొలిచి రాసుకుని, పాత ముక్కను వెంట తీసుకెళ్లండి.