పిట్టలను గుర్తుపడదాం – 4వ పాఠం: తెల్లనడుము మునియా

పొట్టిగా, మొదలు దగ్గర లావుగా ఉన్న ముక్కు కనిపిస్తే అది గింజలు తినే పిట్ట అని పోయిన పాఠంలో చెప్పుకున్నాం. అలాంటి ముక్కున్న మునియాల్లో ఒకదాన్ని ఈసారి కచ్చితంగా పోల్చుకోవడం నేర్చుకుందాం.

తెల్లనడుము మునియా పిచ్చుక కన్నా చిన్నది. పొడవు 10, 11 సెంటీమీటర్లు. అరకు, మారేడుమిల్లి వైపు వెళ్లినప్పుడు అడవి అంచుల్లో, వెదురు పొదల పక్కన, గడ్డి కంకులు ముదిరిన చోట వెతకండి. ఒక్కటే కనిపించడం అరుదు, గుంపుగా తిరుగుతాయి. కంకి మీద వాలి గింజను ముక్కుతో నలిపి, పొట్టు కిందికి వదిలేస్తాయి. ఆకుల చాటున పిట్ట కనబడకపోయినా కదిలే కంకి దాని చోటు చెప్పేస్తుంది.

అలికిడి కాగానే గుంపంతా ఒక్కసారిగా లేస్తుంది. అసలు అవకాశం అదే, అప్పుడు దుర్భిణి కోసం తడుముకోకండి. ఉత్త కళ్లతోనే తోక మొదలు చూడండి. ముదురు గోధుమ వీపుకూ, మొనదేరిన నల్లటి తోకకూ మధ్య తెల్లటి మచ్చ మెరుస్తుంది.

ఆ తెలుపు చూసి వెంటనే పేరు రాసేయకండి. సిల్వర్‌బిల్ అనే మరో మునియాకూ నడుము తెలుపే, తోక నలుపే. కానీ దాని వీపు ఇసుక రంగులో, గొంతు తెల్లగా ఉంటాయి. అది ముళ్ల పొదల మెట్ట నేలల పిట్ట. మన మునియాకు ముఖం, గొంతు, రొమ్ము పైభాగం దాదాపు నల్లగా ఉండి, కింద పొట్ట తెల్లబడుతుంది. ఇంకా దగ్గరగా చూడగలిగితే వీపు ఈకల మీద సన్నటి లేత గీతలు, నీలి బూడిద రంగు కింది ముక్కు కనిపిస్తాయి. ఆడా మగా ఒకేలా ఉంటాయి కనుక ఆ తేడా కోసం వెతకనక్కర్లేదు.

చిక్కంతా పిట్ట పిల్లలతోనే. పొట్ట మీద పొలుసుల గుర్తులుండే చుక్కల మునియాకు కూడా చిన్నప్పుడు ఆ పొలుసులు ఉండవు, ఒళ్లంతా గోధుమ రంగే. అందుకే గుంపులో ముందు పెద్ద పిట్టలను పోల్చుకోండి. అప్పటికీ పిల్ల ఏ జాతిదో తేలకపోతే 'మునియా' అని మాత్రమే రాసుకోవడం నిజాయితీ.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. దగ్గర నుంచి చూడవచ్చని బోనులో పెట్టి అమ్మే మునియాలను కొనకండి. కొన్నిచోట్ల వాటికి రంగులు కూడా పూస్తారు. అడవి మునియాలను పట్టడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

ఈ వారం అభ్యాసం: మీ ఊరి గడ్డి బీడులో ఏ మునియా గుంపు కనిపించినా, పుస్తకం తెరవకముందే నడుము, గొంతు, పొట్ట ఏ రంగులో ఉన్నాయో రాసుకోండి. చూడలేకపోయిన దాని ఎదుట గడి ఖాళీగా వదలండి.