హెక్ 293 కణాల్లో కరోనా ఆర్‌బీడీ తయారీ: ముందు కణాల సంగతి చూడండి

హెక్ 293 (మనిషి పిండం కిడ్నీ నుంచి వచ్చిన, ల్యాబ్‌లో పెంచే కణాలు)లో ప్రోటీన్ తయారీ మొదటిసారి చేసేవాళ్లకు నేనైతే కరోనా స్పైక్ ప్రోటీన్‌లో మన కణాన్ని పట్టుకునే భాగం, ఆర్‌బీడీ (319 నుంచి 541 వరకు అమైనో ఆమ్లాలు) ఎంచుకోమంటాను. చిన్న ప్రోటీన్, బయటికి పంపే సంకేతం తగిలిస్తే మీడియాలోకి (కణాలు పెరిగే ద్రవం) వచ్చేస్తుంది, అసలు వైరస్‌తో పనే లేదు. బయోలాజికల్ ఈ కంపెనీ వాళ్లు కోర్బెవాక్స్ టీకా కోసం ఆర్‌బీడీని ఈస్ట్‌లోనే చేశారు, టీకా స్థాయిలో అది చవక కూడా, కానీ ప్రోటీన్ మీద చక్కెరలు మనిషి కణంలో అతుక్కున్నట్టే కావాలంటే హెక్ 293 దగ్గరికి రావాల్సిందే.

ప్లాస్మిడ్‌లో (జన్యువును కణంలోకి మోసుకెళ్లే గుండ్రటి డీఎన్ఏ) జన్యువును నడిపించే సీఎంవీ ప్రమోటర్, ప్రోటీన్‌కి ముందు దాన్ని కణం బయటికి పంపే సిగ్నల్ పెప్టైడ్, చివర నికెల్‌కి అతుక్కునే హిస్ ట్యాగ్ ఉంటే చాలు.

అసలు పని కణాల దగ్గరే ఉంది. సీరం లేని మీడియా, 37 డిగ్రీలు, 8 శాతం కార్బన్ డయాక్సైడ్, షేకర్ 120 ఆర్‌పీఎం, ఫ్లాస్క్‌లో మూడో వంతుకు మించి నింపొద్దు. మిల్లీలీటరుకు 3 నుంచి 5 లక్షల కణాలతో మొదలుపెట్టి, 30 లక్షలు దాటకముందే పలచన చేస్తూ ఉండండి. ఫ్రీజర్‌లోంచి తీసిన వెంటనే ట్రాన్స్‌ఫెక్షన్‌కి (కణాల్లోకి ప్లాస్మిడ్ ఎక్కించడం) దిగొద్దు, రెండు మూడు పాసేజ్‌లు (పలచన చేసి మళ్లీ పెంచడం) కానివ్వండి. చచ్చిన కణాలకే అంటే ట్రైపాన్ బ్లూ రంగు వేసి చూస్తే బతికున్న కణాలు గుండ్రంగా, మెరుస్తూ, విడివిడిగా కనపడాలి. వయబిలిటీ (బతికున్న కణాల శాతం) 95 లేకపోతే ఆ రోజుకి ఆపేయడమే మంచిది, ప్లాస్మిడ్ ఊరికే పోతుంది.

30 మిల్లీలీటర్ల కల్చర్ అనుకుందాం, మిల్లీలీటరుకు 10 నుంచి 20 లక్షల కణాలు. ఒక ట్యూబులో 1.5 మిల్లీలీటర్ల మీడియాలో 30 మైక్రోగ్రాముల డీఎన్ఏ, ఇంకోదాంట్లో అంతే మీడియాలో 90 మైక్రోగ్రాముల లీనియర్ పీఈఐ (డీఎన్ఏని చుట్టి కణాల్లోకి చేర్చే పాలిమర్). రెండూ కలిపి పది పదిహేను నిమిషాలు వదిలేసి, ఫ్లాస్క్ తిప్పుతూ చుక్కచుక్కగా వేయండి. ఎక్కువసేపు వదిలేస్తే రేణువులు లావైపోతాయి. కణాలు ముద్దకట్టకుండా వేసే యాంటీ క్లంపింగ్ ఏజెంట్ మాత్రం ఆ సమయంలో మీడియాలో ఉండకూడదు, అది పీఈఐని పనిచేయనివ్వదు.

మర్నాడు వాల్‌ప్రోయిక్ యాసిడ్ 3 మిల్లీమోలార్ దాకా వేస్తే దిగుబడి పెరుగుతుంది. నాలుగైదు రోజులకు హార్వెస్ట్, అంటే ప్రోటీన్ ఉన్న మీడియా తీసుకోవడం. వయబిలిటీ 70 శాతానికి పడిపోతుంటే ఇంకో రోజు ఆగుదామని ఆశపడొద్దు, చచ్చిన కణాల్లోంచి ప్రోటీన్లను కోసే ప్రోటియేజులు బయటికొచ్చి ఉన్నదాన్నీ కొరికేస్తాయి.

4000 జీ దగ్గర అరగంట స్పిన్, తర్వాత ఫిల్టర్. సూపర్నేటెంట్‌ని (పైన తేరిన ద్రవం) నేరుగా హిస్ ట్యాగ్‌ని పట్టుకునే నికెల్ కాలమ్‌లో పోయకండి, చాలా మీడియాల్లో నికెల్‌ని లాగేసే పదార్థాలుంటాయి, నీలంగా ఉన్న బీడ్స్ కళ్లముందే తెల్లబడతాయి. ముందు పీబీఎస్ (ఉప్పు బఫర్)లోకి డయాలిసిస్ చేసుకుని, కాలమ్‌లో పోసి, హిస్ ట్యాగ్‌తో పోటీపడే ఇమిడజోల్ 20 మిల్లీమోలార్‌తో కడిగి, 250 మిల్లీమోలార్‌తో ప్రోటీన్‌ని దించండి.

ప్రోటీన్లను సైజును బట్టి విడదీసే జెల్ మీద లెక్క ప్రకారం 25 కిలోడాల్టన్ల దగ్గర ఉండాల్సిన బ్యాండ్ 30 దాటి, అంచులు అలుక్కుపోయినట్టు కనిపిస్తే టెన్షన్ పడకండి, అవి 331, 343 స్థానాల్లో అతుక్కున్న చక్కెరలు. అనుమానముంటే కొంచెం శాంపిల్‌కి ఆ చక్కెరలను కోసేసే ఎంజైమ్ పీఎన్‌జీఏస్ ఎఫ్ పెట్టి మళ్లీ రన్ చేయండి, బ్యాండ్ కిందికి దిగుతుంది.